వంతెన మీద దళం

1978 జనవరి 6, శుక్రవారం

క్లైడ్ ఇవాళ అడిగేశాడు.

కార్న్ సూప్ తాగుతూ తాగుతూ స్పూన్ కింద పెట్టి, మనం పెళ్లి చేసుకుంటే బాగుంటుందేమో రెటా అన్నాడు. వెంటనే స్పూన్ అందుకుని మళ్లీ తాగడం మొదలుపెట్టాడు. ఉప్పు సరిపోయిందా అని అడిగినా అదే గొంతు. చేసే ఉద్యోగం కూడా అలాంటిదే, కౌంటీలో తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్. మా ఈ లెబనాన్ ఊళ్లో ఏ మాంసం కొట్టు త్రాసు ఎంత అబద్ధమాడుతుందో అతనికి తెలుసు. మనిషి మాత్రం ఒక్క ఔన్సు ఎక్కువ మాట్లాడడు.

నేను ఔననలేదు, కాదనలేదు. భయం వేసింది. డారెల్‌తో ఏడేళ్లు కాపురం చేశాను. వాడి మాటలకు చీమలు పట్టేవి. ఒకరోజు వాడూ, వాడి మాటలూ, నా కారూ కలిసి ఫ్లోరిడా వెళ్లిపోయాయి. తొమ్మిదేళ్లయింది. సెలూన్ నాది, మంచం నాది, రేడియో నాది. క్లైడ్ పూర్తిగా అవతలి రకం. రెండేళ్ల పరిచయంలో నాతో అన్న మాటలన్నీ కలిపినా ఒక పోస్ట్‌కార్డు నిండదు. మంచివాడని తెలుసు. గోడ కూడా మంచిదే, ఎవరినీ ఏమీ అనదు. మిగిలిన జీవితమంతా గోడతో కాపురం చేయగలనా అన్నదే నా బెంగ.

ఏదో ఒకటి చెప్పి గడువు తీసుకోవాలి. అతని బేస్‌మెంట్‌లో పెద్ద బల్ల మీద ఎప్పుడూ ఒక యుద్ధం పరిచి ఉంటుంది. ప్రతి శుక్రవారం హార్లన్ అనే స్నేహితుడితో ఆడేవాడు. హార్లన్‌కి ఒహాయోలో పని దొరికి క్రిస్మస్ ముందు వెళ్లిపోయాడు. అప్పటినుంచి అవతలి కుర్చీ ఖాళీ. ఆ ఆట నాకు నేర్పు, అది పూర్తయిన రోజున చెప్తాను అన్నాను.

నిజంగానా అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. చెకర్స్ ఆట లాగా ఒక సాయంత్రం పడుతుందనుకుంటున్నాను. వచ్చే శుక్రవారంలోగా నేనేదో ఒకటి తేల్చుకోవాలి.

జనవరి 7, శనివారం

సెలూన్ నుంచి ఫోన్ చేసి, ఆ ఆట ఎంతసేపు పడుతుందని అడిగాను. పెట్టె మీద ఎనభై గంటలని రాసి ఉందట. పెట్టె మీద ఎప్పుడూ తగ్గించే రాస్తారట. అతనూ హార్లన్ నాలుగేళ్లుగా అదే ఆట ఆడుతున్నారట, ఇంతవరకు ఒక్కసారి కూడా పూర్తి చేయలేదట.

ఆ సంగతి తెలిసే నిన్న సరే అన్నావా అని అడిగాను. నువ్వు కూర్చుంటానన్నావు కదా అన్నాడు.

జనవరి 13, శుక్రవారం

ఆట పేరు వింటర్ రోడ్. నెపోలియన్ మాస్కో నుంచి ఇంటికి వెళ్లాలి. రష్యావాళ్లు వెళ్లనివ్వకూడదు. మంచు ఇద్దరినీ చంపుతుంది. ఇంతవరకు అర్థమైంది.

మిగిలినది రూల్ బుక్. అరవై పేజీలు, పేజీకి రెండు వరసలు, చీమతలకాయంత అక్షరాలు. రాసినవాడు లాయరు చదువు మధ్యలో మానేసి ఉంటాడు. ప్రతి నియమానికీ ఒక అంకె. 8.3 చదివితే '22.1 చూడుడు' అంటుంది. పేజీలు తిప్పి 22.1 చదివితే '8.3లో వివరించిన విధముగా' అంటుంది. మరి వివరించింది ఎక్కడ అని అడిగాను. ఎవరికీ తెలీదు, అక్కడే ఉంది అందం అన్నాడు క్లైడ్. అందం అనే మాట అతని నోట వినడం ఇదే మొదటిసారి. నా జుట్టుకి వేసుకున్న కొత్త పర్మ్ చూసి కూడా అనలేదు.

మ్యాప్ బల్లంతా పరుచుకుంది. దాని నిండా తేనెపట్టులాగా ఆరు మూలల గళ్లు. దళాలంటే గోరంత అట్టముక్కలు. వాటిని కౌంటర్లు అనాలట. ఒకదాని మీద ఒకటి పేర్చినవాటిని పక్కవాటికి తగలకుండా ఎత్తాలి. క్లైడ్ లావు వేళ్లతో ఒకటి ఎత్తితే నాలుగు పడుతున్నాయి. హార్లన్ దగ్గర స్టాంపులు పట్టుకునే ట్వీజర్ ఉండేదట, దాన్ని ఒహాయో పట్టుకుపోయాడట. నేను బ్యాగులోంచి కనుబొమ్మల ట్వీజర్ తీసి ఇచ్చాను. కౌంటర్ల మూలలు పీచు పీచుగా ఉంటే చూడలేక, గోళ్ల కట్టర్ తీసి గుండ్రంగా కత్తిరించడం మొదలుపెట్టాను. క్లైడ్ నా వెనక నిలబడి చూస్తూ ఉండిపోయాడు. ఈ రెండేళ్లలో నా వంక ఎప్పుడూ అలా చూడలేదు.

ఆట మొదలవనే లేదు. కత్తిరించడంతోనే సరిపోయింది.

జనవరి 14

కలలో నా కస్టమర్లందరి తలలూ ఆరు మూలలుగా ఉన్నాయి. ఏ మూల నుంచి దువ్వాలో తెలియలేదు.

జనవరి 20, శుక్రవారం

తెల్లారేసరికి మోకాలి లోతు మంచు. సెలూన్ తీయలేదు. మధ్యాహ్నమే క్లైడ్ ఇంటికి నడుచుకుంటూ వెళ్లాను. వాళ్ల ఆఫీసు కూడా మూసేశారు.

నేను నెపోలియన్ని. కొత్తవాళ్లకు పారిపోయే సైన్యం ఇవ్వడం మర్యాదట. ఒకరి వంతు నడిచేటప్పుడు రెండోవాళ్లు మాట్లాడకూడదు, ముట్టుకోకూడదు, ఆ వంతును ఫేజ్ అంటారు. నా ఫేజ్‌లో ముందు తిండి బళ్లు పంపాను, ఆ తర్వాత సైనికులు, ఆ తర్వాత నెపోలియన్. హార్లన్ ఎప్పుడూ ఇలా ఆడలేదే అన్నాడు క్లైడ్. హార్లన్‌కి ఆకలేసినప్పుడు వాళ్లావిడ వండి పెట్టేది, అందుకని అన్నాను. పకపకా నవ్వుతాడనుకున్నాను. నిజమే అని సీరియస్‌గా తలూపాడు.

అసలు సంగతి రాయలేదు. మ్యాప్ ముందు కూర్చుంటే ఇతనికి నోరు వస్తుంది. నేను అడగకుండానే చెప్పుకుపోయాడు. ఆ సైనికులు మాస్కోలో దోచిన వెండి కొవ్వొత్తి స్టాండ్లు, పట్టుబట్టలు మోసుకుంటూ బయల్దేరారట. బరువెక్కువై పిండి బస్తాలు దారిలో పారేశారట. ఏ బరువు మొయ్యాలో, ఏది వదలాలో తెలీని జనం రెటా అన్నాడు.  నూట అరవై ఏళ్ల కిందట చచ్చిపోయిన ఎవరో ఫ్రెంచివాళ్ల కోసం ఈ తూనికల ఇన్‌స్పెక్టర్ కళ్లు తుడుచుకున్నాడు. నేను ట్వీజర్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

ఇంటికొచ్చేటప్పుడు చలి తెలియలేదు.

జనవరి 27, శుక్రవారం

ఆట మళ్లీ మొదటికొచ్చింది. తప్పు నాదే.

14.2 నియమం: 'మేత లేని గుర్రములను తొలగింపవచ్చును.' క్లైడ్ నా గుర్రాలను తీసేయబోతుంటే, వచ్చును అంటే ఇష్టముంటేనే కదా, నాకిష్టం లేదు అన్నాను. అతను ఆ లైను మూడుసార్లు చదివాడు. తర్వాత తల పట్టుకుని కూర్చున్నాడు. అతనూ హార్లన్ ఈ నాలుగేళ్లూ దాన్ని 'తొలగింపవలెను' అనే చదువుకున్నారట. అప్పటికప్పుడు ఒహాయోకి ఫోన్ చేశాడు.  హార్లన్ అంతా విని, ఎన్ని గుర్రాలను చంపుంటాం రా మనం అన్నాడట.

తప్పు నియమంతో ఆడిన ఆట ఆట కాదు, మొదటి నుంచి మొదలుపెడదాం అన్నాడు క్లైడ్. నాకు ఒళ్లు మండింది. జవాబు కావాలని ఉందా లేదా నీకు అని అడిగాను. ఉంది, చాలా ఉంది అన్నాడు. అంటూనే దళాలన్నీ మళ్లీ మాస్కోలో పేర్చాడు.

ఈ మనిషి మీద కోప్పడాలో, ఇతన్ని నమ్మాలో తెలియడం లేదు. డారెల్ అయితే ఆ గుర్రాలను అమ్మేసేవాడు.

ఫిబ్రవరి 4, శనివారం

వెర్నా గారికి రోలర్లు పెడుతూ కథంతా చెప్పాను. ప్రతి శనివారం జుట్టు సెట్ చేయించుకుంటారు. ముగ్గురు భర్తలను సాగనంపిన మనిషి కాబట్టి సలహాలకు కొదవ ఉండదు. ఏమే అమ్మాయ్, ఆ నెపోలియన్ ఇల్లు చేరేదెప్పుడు, నువ్వు ఇల్లు కట్టుకునేదెప్పుడు అన్నారు. నలభై ఒక్కటి వచ్చాయి, ఇంకా బొమ్మలాట ఏంటే అన్నారు. బొమ్మలు కావండీ, కౌంటర్లు అన్నాను. డ్రయ్యర్ కింద ఉన్నావిడ కూడా నవ్వింది.

ఫిబ్రవరి 7, మంగళవారం

రేపటి నుంచి లెంట్ ఉపవాసాలు. ఊరంతా డోనట్లు వేయిస్తోంది. ఒక సంచి నిండా తీసుకెళ్లాను. మ్యాప్ దగ్గరకు నూనె చేతులు రాకూడదన్నాడు క్లైడ్. బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుని తిన్నాం. మెట్టు ఇరుకు. భుజాలు తగిలాయి. ఇద్దరమూ జరగలేదు.

ఫిబ్రవరి 17, శుక్రవారం

కోపంతో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతున్నాయి.

ఇవాళ నా సైన్యం స్మోలెన్స్క్ అనే ఊరు దాటింది. దక్షిణాన క్లైడ్‌కి పెద్ద సైన్యం ఉంది. ఒక్క గడి జరిపితే నా దారి మూసుకుపోతుంది, నాకు కళ్లకు కట్టినట్టు కనబడుతోంది.  అతను ఆ సైన్యాన్ని ఎత్తి ఎక్కడో ఊరవతల, చెట్లలో పెట్టాడు. పెట్టి, నీ ఫేజ్ అన్నాడు. నా మొహం చూడలేదు.

నెల రోజుల కిందటైతే నాకు తెలిసేది కాదు. ఇప్పుడు తెలుసు. కావాలనే ఓడిపోతున్నావా అని అడిగాను. ట్వీజర్ అటూ ఇటూ తిప్పాడు. ఆట త్వరగా అయిపోతుందని అన్నాడు. నువ్వేమంటావో తెలుసుకోవాలని ఉంది, ఆగలేకపోతున్నాను రెటా అన్నాడు.

లేచి నిలబడి దులిపేశాను. త్రాసు మీద వేలు పెట్టే కసాయికి నువ్వు జరిమానా రాస్తావు, నువ్వు చేసిందేమిటి, నన్ను గెలిపించి తూకం పెంచుతావా అన్నాను. నాకోసం ఓడిపోయేవాడు నాకక్కర్లేదు, ఆ సైన్యాన్ని తీసి దాని చోట పెట్టి నన్ను సరిగ్గా చంపు అన్నాను. క్లైడ్ నోరు తెరుచుకుని విన్నాడు. తర్వాత సైన్యాన్ని వెనక్కి తెచ్చాడు. నా దారి మూసేశాడు. మూడు దళాలు పోయాయి నాకు.

ఫిబ్రవరి 18

నాకోసం ఇంతవరకు ఎవరూ ఓడిపోవాలనుకోలేదు. అది కూడా రాసుకోవాలి.

మార్చి 3, శుక్రవారం

మా మొదటి పోట్లాట. ఒకరి మీద ఒకరం నిప్పులు చెరిగాం.

బెరెజినా నది దాకా వచ్చాను. ఇది దాటితే నాకు గెలిచే ఆశ ఉంది. అందరినీ దాటించాను. చివర్న కాపలాగా విక్టర్ అనే జనరల్ దళం మిగిలింది, అందరికన్నా బలమైనది. అది వంతెన మీదికి వచ్చేసరికి ఆ వంతుకి నా నడక అయిపోయింది. క్లైడ్ కోసాక్కులు, అంటే రష్యా గుర్రపు దళాలు, వచ్చి తూర్పు గట్టున, అతని వైపు, దారి తెంచేశారు. ఇక్కడ పడింది పీటముడి.

11.4: 'వంతెనపై నున్న దళము ఉభయ తీరములందును ఉన్నట్లు పరిగణింపబడును.' 17.1: 'స్వతీరమున నున్న దళమునకు తిండి అందును.' 19.2: 'శత్రుతీరమున దారి తెగిన దళము తక్షణము లొంగిపోవును.'

విక్టర్ నా గట్టు మీద ఉన్నాడు కాబట్టి అన్నం తింటున్నాడు అన్నాను. విక్టర్ నా గట్టు మీద ఉన్నాడు కాబట్టి చేతులెత్తేశాడు అన్నాడు క్లైడ్. తింటూ తింటూ ఎవడైనా లొంగిపోతాడా అన్నాను. లొంగిపోయినవాడికి అన్నం పెట్టరా ఏంటి, మేం రష్యావాళ్లం, రాక్షసులం కాదు అన్నాడు. నీ తూనికల బుద్ధి ఇక్కడ చూపించకు అన్నాను. నీ కత్తెర నా నియమాల మీద పెట్టకు అన్నాడు. గొంతు పెంచాడు. క్లైడ్ గొంతు పెంచడమేంటి! ఇల్లు వేడిచేసే ఫర్నేస్ మీద రేకు కూడా అదిరింది.

ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే నవ్వుతున్నాను. గోడలు అరవవు కదా.

మార్చి 4, శనివారం

ఇలాంటి గొడవలొస్తే ఆట తయారుచేసిన కంపెనీకి రాయాలట. దానికీ ఒక పద్ధతుంది. ప్రశ్న ఔను, కాదు అని ఒక్క ముక్కలో జవాబు చెప్పేలా ఉండాలి. లోపల మన అడ్రసు రాసి, స్టాంపు అంటించిన కవరు పెట్టాలి. కంపెనీవాడు ప్రశ్న పక్కనే జవాబు గీకి పంపిస్తాడు.

ఆ ఒక్క ప్రశ్న రాయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. 'లొంగిపోవునా' అని అడుగుదామంటాడు క్లైడ్. అలా అడిగితే ఔననే బుద్ధి పుడుతుందంటాను నేను. 'తిండి అందునా' అని అడుగుదామంటే, అది నీవైపు మొగ్గిందంటాడు. చివరికి ఇద్దరిదీ కలిపి రాశాం. 'వంతెనపై నున్న దళమునకు తిండి అందునా లేక అది లొంగిపోవునా?' ఎవరివైపూ మొగ్గలేదని ఇద్దరం ఒప్పుకున్నాం. క్లైడ్ స్వయంగా వెళ్లి పోస్టు చేశాడు.

జవాబు వచ్చేదాకా ఆట ఆపాం. మ్యాప్ మీద పాత దుప్పటి కప్పాం.

వెర్నా గారికి చెప్తే, రెండు గట్ల మీదా కాళ్లు పెట్టుకుని నిలబడ్డది ఆ విక్టరా, నువ్వా అన్నారు. షాంపూ కళ్లలో పడేట్టు ఆవిడ తల తిప్పాను. పొరపాటుననే.

మార్చి 10, శుక్రవారం

జవాబు రాలేదు. బౌలింగ్ హాలుకి వెళ్లి ఆడాం. క్లైడ్ మాట్లాడలేదు. స్కోరు మాత్రం తప్పు లేకుండా వేశాడు.

మార్చి 17, శుక్రవారం

జవాబు రాలేదు. బేస్‌మెంట్‌కి దిగి దుప్పటి పక్కన కూర్చుని ఉప్పు ప్రెట్జెల్ బిస్కెట్లు నమిలాం. ఏంటి విశేషాలు అన్నాను. ఏమీ లేవు అన్నాడు. మళ్లీ నమిలాం.

 మ్యాప్ లేకపోతే ఈ మనిషిలో మాట లేదా? రోజూ ఎవరు పరుస్తారు మ్యాప్? జ్వరమొచ్చిన రోజున, కరెంటు పోయిన రోజున, చేతులు వణికే వయసులో? నేను నెపోలియన్ని కాని రోజుల్లో నాతో ఏం మాట్లాడతాడు?

వద్దని చెప్పేయడమే మంచిదేమో. ఆట ఎలాగూ ఆగింది కదా, ఇప్పుడే చెప్పేస్తే ఎవరికీ నొప్పి ఉండదు. ఇది రాస్తుంటేనే నొప్పిగా ఉంది.

మార్చి 25, శనివారం

రేపు ఈస్టర్. సెలూన్ కిటకిటలాడింది. కుర్చీలన్నీ నిండి, డ్రయ్యర్ల కింద ఐదుగురు. అప్పుడు క్లైడ్ వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మగవాళ్లు మా సెలూన్ గుమ్మం తొక్కరు. ఎవరికేమైందో అనుకున్నాను. పోస్టు వచ్చిందా అన్నాను. రాలేదు, ఊరికే వచ్చాను అన్నాడు. ఊరికే ఎక్కడికీ వెళ్లే మనిషి కాదు.

వెర్నా గారు వదులుతారా. నువ్వేనా ఆ రష్యావాడివి, మా రెటా దళాన్ని నీళ్ల మీద నిలబెట్టి చంపుతున్నావట అన్నారు. క్లైడ్ టోపీ రెండుసార్లు తిప్పాడు. ఇక పారిపోతాడనుకున్నాను. అమ్మా, అసలు ఆ వంతెన ఎలా కట్టారో తెలుసా మీకు అన్నాడు.

చెప్పడం మొదలుపెట్టాడు. చేతిలో మ్యాప్ లేదు, కౌంటర్ లేదు. నాలుగు వందల మంది పనివాళ్లు, గడ్డకడుతున్న నదిలో గుండెల లోతు నీళ్లలో నిలబడి దుంగలు పాతారట. ఊళ్లోని కొయ్య ఇళ్లు విప్పి ఆ కలపే వాడారట. పావుగంట దిగి, బయటికొచ్చి, ఒళ్లు మండే చలిలో మళ్లీ దిగేవారట. వంతెన విరిగితే మళ్లీ కట్టారట. వేల మంది దాని మీద నడిచి ఇళ్లకు పోయారట. కట్టినవాళ్లలో ఇల్లు చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టే అంతమందట. వాళ్ల పేర్లు పుస్తకాల్లో లేవు, కౌంటర్ మీద కూడా లేవు, ఒక్క చుక్క గుర్తు వేశారంతే, నాకదే బాధ అన్నాడు.

డ్రయ్యర్లు ఎప్పుడు ఆపారో తెలియదు. రోలర్లతో, ప్లాస్టిక్ టోపీలతో, సగం తడిసిన తలలతో అందరూ అతని వైపే చూస్తున్నారు. వెర్నా గారు టవల్‌తో ముక్కు తుడుచుకున్నారు. ఇతను మాట్లాడడన్నావేంటే అని నన్ను కసిరారు.

క్లైడ్ నా వైపు తిరిగాడు. మ్యాప్ మీద దుప్పటి కప్పి ఉన్నా మాట్లాడటం నేర్చుకోవాలని ఇవాళ వచ్చాను, ఇంటి దగ్గర నాలుగుసార్లు ప్రాక్టీస్ చేశాను అన్నాడు. అందరి ముందూ అన్నాడు. నా చేతిలో దువ్వెన కింద పడింది.

ఈస్టర్ ముందు రోజు ఇంతమంది జుట్టు చెడగొట్టిన మగాడు ఇంకొకడు ఉండడు. అందరికీ మళ్లీ సెట్ చేసేసరికి చీకటి పడింది. పాడుకుంటూ ఊడ్చాను.

మార్చి 31, శుక్రవారం

జవాబు వచ్చింది.

నేను వెళ్లేదాకా కవరు విప్పకుండా బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. ఇద్దరం కలిసి విప్పాం. మా కాగితమే వెనక్కి వచ్చింది. మా ప్రశ్న, దాని పక్కన ఎర్ర పెన్సిల్‌తో ఒక్క మాట.

ఔను.

క్లైడ్ చదివాడు. నేను చదివాను. 'తిండి అందునా లేక లొంగిపోవునా?' ఔను. మళ్లీ చదివాం. ముందు క్లైడ్ భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట. తర్వాత ఎక్కడినుంచో ఒక నవ్వు వచ్చింది, నేనెప్పుడూ వినని నవ్వు, గుర్రం సకిలించినట్టు. నేను బల్ల అంచు పట్టుకుని కూలబడ్డాను. తింటాడు, లొంగిపోతాడు అంటాడు అతను. లొంగిపోయి తింటాడు అంటాను నేను. నవ్వి నవ్వి పక్కటెముకలు పట్టేశాయి. అతనికి పైన రెండు పళ్లు ఒకదాని మీదికొకటి ఎక్కి ఉన్నాయి. రెండేళ్లుగా తెలియదు నాకు, ఇంత పెద్దగా ఎప్పుడూ నవ్వలేదు.

ఏ నియమమూ తేల్చకపోతే పాచిక తేలుస్తుంది. మూడు దాకా పడితే విక్టర్ నావాడు, పైన పడితే అతనివాడు. నేనే వేశాను. ఐదు పడింది. క్లైడ్ ట్వీజర్‌తో విక్టర్‌ని మెల్లగా ఎత్తి, సారీ అని, తన పక్కన పెట్టుకున్నాడు. తన దాడి లెక్కలు మొదలుపెట్టాడు. కళ్లలో నవ్విన నీళ్లు ఇంకా ఆరలేదు. వేళ్ల మీద కూడుతున్నాడు, పెదాలు కదులుతున్నాయి. నాకు ఇంక ఆలోచించాల్సింది ఏమీ మిగల్లేదు.

సరే క్లైడ్, చేసుకుందాం అన్నాను.

అతను తల ఎత్తలేదు. ఒక వేలు పైకెత్తి, ఆగు, నా ఫేజ్ ఇంకా అవలేదు అన్నాడు.

ఆగాను. కూడాడు, పాచిక వేశాడు, పట్టిక చూశాడు, నా దళం ఒకటి తీశాడు. ఆఁ, నీ ఫేజ్ అన్నాడు. అప్పుడు ట్వీజర్ గాల్లోనే ఆగిపోయింది. ఏమన్నావు అన్నాడు. నీ ఫేజ్‌లో అన్నాను కదా, అది చెల్లదులే అన్నాను. చెల్లుతుంది అన్నాడు. ఏ నియమం ప్రకారం అన్నాను. నాకు తెలీదు రెటా, చెల్లుతుంది అంతే అన్నాడు. మూడు నెలల్లో నియమం అంకె చెప్పకుండా వాదించడం ఇదే మొదలు.

ఆట పూర్తి కాలేదు మరి, ఇంకా మూడు టర్న్‌లున్నాయి, తర్వాత చెప్పనా అన్నాను. అతను లేచాడు. నా వైపు రావాలంటే ఫర్నేస్‌కీ బల్లకీ మధ్య పక్కకి తిరిగి నడవాలి. ఇన్నాళ్లలో ఎప్పుడూ రాలేదు, మ్యాప్‌కి తగులుతుందని. ఇప్పుడు వచ్చాడు. స్వెటర్ చెయ్యి తగిలి రష్యా సైన్యం సగం జలజలా నేల మీద పడింది. అతను కిందికి చూడలేదు.

తర్వాత చూశాడు, అది వేరే సంగతి. ఇద్దరం సిమెంటు నేల మీద పాకుతూ ఏరాం. ఏది ఏ గడిలో ఉండేదో ఇద్దరికీ గుర్తుంది.

ఏప్రిల్ 1

ఒక కోసాక్ దళం ఇంకా దొరకలేదు. ఫర్నేస్ కిందికి పోయినట్టుంది. అది దొరికేదాకా ఆట నడవదట.

మే 14, ఆదివారం

కోసాక్ దొరికింది. టర్న్ పద్దెనిమిది. మంచు. నా సైనికులు గుర్రాలను తింటున్నారు. మా ఆయనకు జాలి లేదు.